నందివర్ధనము – పెరటిలోని పుష్పకైంకర్యము

భగవదారాధనమునకు సంపదలు అక్కరలేదు. పత్రమో, పుష్పమో, ఫలమో, జలమో భక్తితో సమర్పించిన చాలునని గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయమున సెలవిచ్చినాడు. శ్రీవిల్లిపుత్తూరులో పెరియాళ్వారులు నందనవనమును పెంచి వటపత్రశాయికి మాలాకైంకర్యము చేసిరి. భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి అనంతాళ్వాన్ తిరుమలలో పూదోట వేసెను. ఆయన గడ్డపార నేటికిని శ్రీవారి ఆలయ మహాద్వారమునొద్ద దర్శనమిచ్చుచున్నది. చెట్టు నాటుట మొదలు మాల కట్టుట వరకు అంతయు కైంకర్యమేయని ఈ మహనీయుల చరిత్రలు బోధించుచున్నవి.

నేడు తెల్లవారుజామున పొరుగింటి ప్రహరీపై చేయి చాచి, అడుగకయే పూలు కోసికొనువారిని చూచుచున్నాము. పరుల సొత్తు అర్పించుట కైంకర్యమెట్లగును? పెరటిలో ఒక్క నందివర్ధనపు పొదయున్నచో ఆ దోషము తొలగిపోవును.

సంస్కృతమున దీనికి నంద్యావర్తమని పేరు. ఆవర్తమనగా సుడి. తెల్లని అయిదు రేకులు గాలిమరవలె ఒకే వైపునకు మెలితిరిగి యుండును. రేకులు వరుసలుగ నున్నది ముద్ద నందివర్ధనము. ఏడాది పొడవున ఆకు రాల్చక పచ్చగ నుండు ఈ పొద నిలువెత్తు పెరుగును. ఆకులు నిగనిగలాడుచు కణుపునకు రెండు చొప్పున ఎదురెదురుగ నుండును. కొమ్మ త్రుంచిన పాలు కారును.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. గన్నేరు జాతులును ఈ కుటుంబమునకు చెందినవే. ఎర్రగన్నేరు ఆకులు సన్నగ, కణుపునకు మూడేసి చొప్పున నుండును. పచ్చగన్నేరు ఆకులును సన్ననివే గాని ఒక్కొక్కటిగ చుట్టును అమరియుండును. ఆ రెండును ప్రాణాంతక విషములు. నందివర్ధనమునైనను పిల్లలు నోట పెట్టుకొనరాదు. దాని పాలు కంటబడనీయరాదు.

ముద్ద పూల రకమునకు సాధారణముగ కాయ పట్టదు. కావున కొమ్మలను నాటియే వృద్ధి చేయవలెను. వర్షాకాలము ఇందుకు అనువైనది. మిక్కిలి లేతయు, మిక్కిలి ముదురును గాని కొమ్మను జానెడు పొడవున, కణుపునకు దిగువగ కోయవలెను. కారు పాలను నీట కడిగి, పైనున్న రెండాకులను మాత్రముంచి తక్కినవి తీసివేయవలెను. ఇసుకయు మట్టియు సమముగ కలిపిన కుండీలో రెండు కణుపులు మునుగునట్లు నాటి నీడనుంచవలెను. తడి ఆరనీయరాదు, నీరు నిలువనీయరాదు. ఇంచుమించు రెండు నెలలలో వేళ్లూనుకొనును. వేరు వచ్చినదేమోయని ఊరక పెరికి చూచుట అందరును చేయు పొరపాటు. కొత్త చిగురు నిలకడగ సాగుటయే దానికి గుర్తు.

మొక్క బలపడిన పిమ్మట మూరెడు లోతు గోతిలో చివికిన పశువుల ఎరువు కలిపి నాటవలెను. సగము పూట ఎండ తప్పక తగులవలెను. మిక్కిలి నీడయైన ఆకులేగాని పూలుండవు. పూలు కొత్త కొమ్మల కొనలయందు పూయును గనుక, విరివిగ పూసిన పిదప కొనలను కత్తిరించిన మరల నిండుగ పూయును. పిండినల్లి పట్టినచో లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనెను కొద్ది సబ్బునీటితో కలిపి చల్లవలెను. ఆకులు తిను లావైన పచ్చని గొంగళిపురుగులను చేతితో ఏరి దూరముగ విడిచిపెట్టిన చాలును.

మొగ్గలు రాత్రివేళ విచ్చి సువాసనలీనును. స్నానానంతరము ఉషఃకాలమున కోసి, వాసన చూడక సమర్పించుట పెద్దల ఆచారము. తిరుమలకొండపై పూచిన పూవు స్వామికేగాని యాత్రికులు సిగలో ముడుచుకొనుట లేదు.

కొమ్మ అడిగిన పొరుగువారికి కాదనక ఈయవలెను. ఒక పెరటి కొమ్మ పది పెరళ్లలో పొదయైన నాడు, వేకువన ప్రహరీపై చాచు చేతులు తమంతట తామే ముకుళించును.