ఇంటిపనికి ఓవర్‌లాక్ మిషను కొనువారు చూడవలసిన సంగతులు



మన బరంపురములో మగ్గమున్న ఇండ్లలో ఇప్పుడు చాలచోట్ల కుట్టుమిషను కూడ ఉన్నది. పట్టుచీరతోపాటు నేసిన రవికగుడ్డను ఇంటనే కుట్టి యిచ్చుట, మిగిలిన ముక్కలతో సంచులు, దిండు గలీబులు కుట్టుట మన ఆడవారు చేయుచున్న పనులు. ఈ పని కొంత చేతికి వచ్చిన తరువాత అందరును అడుగునది ఒకటే మాట: "సెక్రటరీ బాబూ, ఓవర్‌లాక్ మిషను ఏది కొనమంటారు?" కార్యాలయమునకు వచ్చి అడిగినవారికి విడివిడిగా చెప్పుటకంటె ఇచ్చట వ్రాయుట మేలని తోచినది.

ముందుగా నా పొరపాటు చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట సంఘమునకు ఇటువంటి మిషనొకటి కొంటిమి. అమ్మకందారు టీషర్టు గుడ్డపై కుట్టి చూపగా కుట్టు ముత్యములు గ్రుచ్చినట్లు వచ్చినది. నేనే సంతకము పెట్టి సొమ్ము చెల్లించితిని. తెచ్చి మన పట్టుమీద నడుపగా కొస యంతయు ముడుచుకొని పోయినది. ఎట్లో సర్దుకొనుచుండగా మూడవ నెలలో క్రింది లూపర్ విరిగినది. ఆ లూపర్ బరంపురములో దొరకలేదు, విశాఖపట్నములోను దొరకలేదు. అమ్మినవారి ఫోను మ్రోగుచుండెను గాని పలికినవారు లేరు. ఈలోగా ఆ మిషనును నమ్ముకొని 24 రవికలు ఒప్పుకొన్న మా సభ్యురాలొకామె గడువు మీరునన్న భయముతో కొసకుట్టు లేకయే కుట్టి యిచ్చినది. మొదటి ఉతుకునకే చంకల దగ్గర దారములు జారి 11 రవికలు తిరిగి వచ్చినవి. గుడ్డ ఖరీదు ఆమె నెత్తిన పడినది. సంఘము కొంత సర్దినది గాని, ఆ వర్తకుడు మరల ఆమెకు పని యివ్వలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

గుడ్డ కొస ఎందుకు విడిపోవునో నేతవారికి నేను చెప్పనక్కరలేదు. మగ్గముమీద రెండు ప్రక్కల పేక వెనుకకు తిరిగి వచ్చును గనుక అక్కడ పడుగు జారదు. కత్తెర పడినచోట ఆ తిరుగుడు తెగిపోవును. పట్టుదారము నునుపైనది గనుక నూలుకంటె త్వరగా జారును. మామూలు కుట్టుమిషను రెండు ముక్కలను కలుపునే గాని కొసను పట్టుకొనదు. ఓవర్‌లాక్ మిషను కొసను సమముగా కత్తిరించి, ఆ వెంటనే దానిని దారములతో చుట్టివేయును. కత్తిరించుట, చుట్టుట ఒకే నడకలో జరుగుటయే దాని విశేషము.

మామూలు మిషనులోని షటిల్, బాబిన్ మన నాడె, కండెల వంటివి. ఓవర్‌లాక్‌లో బాబిన్ లేదు. దారములన్నియు పైనున్న కోనులనుండియే వచ్చును. సూది క్రింద కొక్కెములవంటి రెండు లూపర్లుండును. క్రింది లూపర్ సూదిదారపు మెలికలో దూరి తన దారమును తెచ్చును. పై లూపర్ ఆ దారమునుండి దూరి, గుడ్డ కొసమీదుగా పైకి వచ్చును. అప్పుడు సూది దిగి దాని దారమును పట్టివేయును. ఇంతే. దీనిని 1881లో కనిపెట్టినది అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమునకు చెందిన మెర్రో కుటుంబమువారు. వారు దర్జీలు కారు. అల్లికగుడ్డల మిల్లు నడుపుచు, తమ సరకు కొసలు నిలుపుకొనుటకు యంత్రము వెదకినవారు. అనగా గుడ్డ తయారుచేయువారి అవసరములోనుండియే ఇది పుట్టినది.

ఇక్కడ ఒక గందరగోళము తీర్చవలసి యున్నది. చీరకు ఫాల్ వేసి పికో చేయు మిషను వేరు, ఓవర్‌లాక్ వేరు. పికోది జిగ్‌జాగ్ కుట్టు. చీర కొసకు అది చాలును. రవిక లోపలి కుట్ల కొసకు, నిత్యము ఉతుకుబడు దిండు గలీబుకు ఓవర్‌లాకే తగినది. మీకు వచ్చు పనిలో చీరల పనియే ఎక్కువైనచో పికో మిషను కొనుడు. ఓవర్‌లాక్ కొని పశ్చాత్తాపపడవద్దు.

బజారులో మనకు దొరకునవి ముఖ్యముగా రెండు రకములు. ఒకటి ఇనుముతో పోతపోసిన చిన్న మిషను. మూడు దారములది, బల్లకు బిగించి కాలితోనో చిన్న మోటారుతోనో నడుపునది. దర్జీ దుకాణములలో మీరు చూచునది ఇదే. రెండవది బల్లమీద పెట్టుకొను గృహపు మిషను. మోటారు లోపలనే యుండును, మూడు దారములతోను నాలుగు దారములతోను కుట్టును, నిమిషమునకు 1300 నుండి 1500 కుట్లు వేయును. ఫ్యాక్టరీలలో వాడు పెద్ద యంత్రములు నిమిషమునకు 5000 కుట్లకు పైగా వేయును. ఇంటికి అవి అక్కరలేదు. అంత వేగమునకు సరిపడు పని మన కెక్కడ?

దారములు ఎన్ని యుండవలెనని చాలమంది వాదులాడుదురు. నాలుగు దారముల కుట్టు, సాగెడు అల్లికగుడ్డకు ఒకే నడకలో కలుపుకుట్టు, కొసకుట్టు రెండును వేయుటకు మంచిది. మన గుడ్డ సాగదు. రవికను ముందుగా మామూలు మిషనుపై కుట్టి, తరువాత కొసను మూడు దారములతో చుట్టుటయే మనకు తగిన పద్ధతి. పైగా దారము ఖర్చు చూడుడు. మామూలు కుట్టు ఒక మీటరునకు సుమారు 2.5 మీటర్ల దారము పట్టును. మూడు దారముల ఓవర్‌లాక్‌కు సుమారు 14 మీటర్లు, నాలుగు దారములదానికి సుమారు 18 మీటర్లు పట్టును. చిన్న రీళ్లు కొని ఈ మిషను నడిపినవారికి కూలి మిగులదు, కోనులే కొనవలెను. కుట్టుకూలి ధర చెప్పునప్పుడు ఈ దారమును మరచిపోవుట మన ఇండ్లలో సామాన్యమైన నష్టము.

ఇక అసలు సంగతి. దుకాణమునకు పోవునపుడు మీ గుడ్డముక్కలు మీరే తీసుకొని పొండు. అమ్మకందారు చూపు గుడ్డపై ఏ మిషనైనను చక్కగా కుట్టును. పలుచని పట్టు ముక్క యొకటి, జరీ యున్న ముక్క యొకటి, ముతక నూలుముక్క యొకటి, మూడును మూరెడేసి యుండవలెను. నిలువుగా ఒకటి, అడ్డముగా ఒకటి కుట్టి చూడుడు. పడుగు వెంబడి కత్తిరించిన కొస, పేక వెంబడి కత్తిరించిన కొస ఒకే తీరుగా ఉండవు. తరువాత ముక్కను బల్లమీద పరచి చూడుడు. ముడుచుకొన్నచో బిగువు ఎక్కువైనదో, గుడ్డను లాగు పండ్లు మన పట్టుకు సరిపడుటలేదో తెలిసికొనవలెను. గృహపు మిషనులు పెక్కింటిలో డిఫరెన్షియల్ ఫీడ్ అను మీట యుండును. ఆ మిషనులలో గుడ్డను లాగు పండ్లు ముందు వెనుకలుగా రెండు జతలు. వాటి వేగమును ఈ మీట మార్చును. సాధారణముగా 1 దగ్గర నుంచుదురు. పలుచని పట్టు ముడుచుకొనుచున్నచో 0.7 వరకు తగ్గించవచ్చును. మీట తగ్గించినను ముడత పోకున్నచో ఆ మిషను మనకు కాదు. ఈ సదుపాయము సాధారణముగా చిన్న ఇనుప మిషనులలో ఉండదు. అందుచేత వాటిని పట్టుపై మరింత జాగ్రత్తగా పరీక్షించవలెను. సూది 11 నంబరుది వేయించి చూడుడు. 14 నంబరు సూదితో పట్టు పరీక్షించుట మిషనుకు అన్యాయము.

కుట్టిన కొసను గోటితో గట్టిగా లాగుడు. చుట్టు పట్టుగా నిలువక, గుడ్డనుండి తొడుగువలె ఊడి వచ్చినచో కుట్టు వెడల్పు చాలలేదన్నమాట. గుడ్డ ముగిసిన తరువాతను మిషనును నడుపుడు. గుడ్డ లేకుండ దారములు గొలుసువలె అల్లుకొని రావలెను. గొలుసు తెగుచున్నచో లూపర్ల అమరిక సరిగా లేదు. భుజపు కుట్టు, చేతి కుట్టు కలియుచోట నాలుగు మడతలు వచ్చును. ఆ మందము మీద కూడ ఒకసారి నడిపి చూడుడు. మోటారు మూలిగినను కత్తి నమిలినను అక్కడనే తెలియును.

జరీ సంగతి వేరుగా చెప్పవలెను. జరీ కత్తిని మొద్దుపరచును. ఫోడా కుంభ అంచు చేతి కొసకు వచ్చునట్లు కత్తిరించిన రవికలలో ఆ అంచు ప్రక్కకు ఓవర్‌లాక్ అక్కరయే లేదు, మగ్గము దానిని ముందే కట్టి యిచ్చినది. 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన మన బరంపురపు పట్టు అంచును మనమే కత్తికి బలి యిచ్చుట నేను రెండు మూడు ఇండ్లలో చూచితిని. పై కత్తిని సులభముగా ప్రక్కకు త్రిప్పి నిలుపు వీలున్న మిషనైనచో ఈ ప్రమాదము తగ్గును. చాల గృహపు మిషనులలో ఈ వీలున్నది, అడిగి చూడుడు.

తరువాత, దారములు మీ చేతితో మీరే ఎక్కించుడు. అమ్మకందారు ఎక్కించి యిచ్చిన మిషనును కుట్టి చూచి కొనినవారు, ఇంట మొదటి దారము తెగగానే దానికి గుడ్డ కప్పి పెట్టుదురు. వరుస ఇది: ముందు పై లూపర్, తరువాత క్రింది లూపర్, చివరకు సూది. సూదికి ముందే ఎక్కించి యుండి క్రింది లూపర్‌కు తరువాత ఎక్కించినచో దారము మరల మరల తెగుచునే యుండును. మిషను చెడిపోయినదని మెకానిక్‌ను పిలుచు సందర్భములలో చాలభాగము ఈ వరుస తప్పుటయే. నాకు మొదటి దినమున అరగంట పట్టినది. మా వదిన ఒకసారి చూచి, నన్ను ప్రక్కకు జరుగమని, రెండు మూడు నిమిషములలో ముగించినది. "కండెలు చుట్టిన చేతికి ఇదేపాటి పని బాబూ" అని నవ్వినది. కావున మిషను వాడబోవు ఆడవారినే దుకాణమునకు తీసుకొని పోవలెను. మగవారు పోయి ధర మాటలాడి తెచ్చుట మంచి పద్ధతి కాదు.

విడిభాగముల సంగతి ధరకంటె ముందు తేల్చుకొనవలెను. సూది, పై కత్తి, క్రింది కత్తి, రెండు లూపర్లు ఈ ఊరిలో ఎవరి వద్ద ఉన్నవో దుకాణదారును అడుగుడు. "తెప్పించెదము" అన్న మాటను నమ్మవద్దు, వస్తువును కన్నులతో చూడుడు. కొందరి మిషనుకు మామూలు కుట్టుమిషను సూదియే సరిపోవును, కొన్నిటికి వేరు రకము కావలెను. సరిపోవునదైతే అది పెద్ద సుఖము. మిషను బాగుచేయు మనిషిని ముందుగా కలిసికొని, ఈ రకము తాను విప్పి యున్నాడో లేదో అడుగుడు. అతడు ఎరిగిన సాధారణమైన మిషను, ఎవరును ఎరుగని గొప్ప మిషనుకంటె మేలు. ఇది నా గట్టి అభిప్రాయము. నాలుగు పేర్లు చెప్పి ఇది కొనుడని వ్రాయకపోవుటకు కారణమును ఇదియే. బాగుచేయు మనిషి వీధికొక తీరుగా ఉండును.

కరెంటు విషయము. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటినపుడు దినముల తరబడి దీపములు లేక మన ఊరు ఎట్లుండినదో అందరికి తెలియును. కాలితో నడుపు మిషనున్నవారికి అటువంటి దినములలోను పని సాగును. లోపల మోటారు బిగించిన గృహపు మిషనుకు ఆ వీలు లేదు. పని కొద్దిగా ఉండి, పట్టు తక్కువ, నూలు ఎక్కువ కుట్టువారు తొక్కుడు మిషను కొనుటలో తప్పులేదు. పట్టు రవికలే ముఖ్యమైనవారు గృహపు మిషను కొని, గాలివానల రోజులకు గడువు పెట్టుకొని పని ఒప్పుకొనవలెను.

సముద్రపు తేమకు కత్తులు త్రుప్పు పట్టును. వానకాలములో వారమునకొకసారి మూత విప్పి, దారపు నూగును కుంచెతో దులిపి, పొడిగుడ్డతో తుడువుడు. ఇనుప మిషనుకు వాడిన ప్రతి దినము నూనె చుక్క వేయవలెను. నూనె వేసిన వెంటనే పట్టు పెట్టరాదు. ముందు పాతముక్కమీద నడిపి, మరక పడుటలేదని చూచి తరువాత పట్టు పెట్టవలెను.

పాతమిషను కొనువారు సూదికడ్డీని పట్టి ఊపి చూడుడు, కదలిక యుండరాదు. లూపర్ల కొనలను వేలితో తడవుడు. గరుకున్నచో దారమును చీల్చును. రంగు చూచి మోసపోవద్దు.

సొమ్ము విషయము ఒకటి. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో దర్జీపని యున్నది, చేనేత లేదు. అందులో పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము, 5 శాతము వడ్డీకి మొదటి విడత ఒక లక్ష రూపాయల వరకు అప్పు ఏర్పాటు చేసినారు. కుటుంబములో ఒక్కరికే అర్హత. కుట్టుపని చేయుచున్న ఆడవారు దర్జీ వృత్తిక్రింద అడుగవచ్చును గాని, దర్జీల దరఖాస్తులు ఇప్పుడు తీసికొనుచున్నారో లేదో విచారించుకొన్న తరువాతనే లెక్క వేసికొనుడు. వడ్డీవ్యాపారి వద్ద అప్పు చేసి మాత్రము ఈ మిషను కొనవద్దు. నెలకు పదిరోజుల పనియైన చేతిలో లేనివారు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొని, ఒకరి ఇంట పెట్టుకొనుట మంచిది. ఎవరి కోనులు వారు తెచ్చుకొనవలెను, కత్తులు మాత్రము ఉమ్మడి.

మిషను చూడబోవువారికొరకు పట్టు, జరీ, నూలు ముక్కలు కట్టిన చిన్న మూటలు కార్యాలయములో సిద్ధము చేసి యుంచినాము. ఉదయము పదిగంటల తరువాత వచ్చి అడిగి తీసికొనవచ్చును. కుట్టి చూచిన ముక్కలను మరల తెచ్చి చూపుడు, ఏ దుకాణములో ఏ మిషనుపై కుట్టినదో దానిమీద వ్రాసి యుంచుదుము.