లిచీ తోటలు నేర్పిన ఎపిడమియాలజీ

బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో 2014 లిచీ కాలంలో 390 మంది పిల్లలు మెదడు జబ్బుతో రెండు ఆసుపత్రుల్లో చేరారు. 122 మంది చనిపోయారు. ఇలాంటి జబ్బు అనగానే మన చదువులు వైరస్ వైపే చూపిస్తాయి.

జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, అమెరికా సీడీసీ పరిశోధకులు 104 మంది రోగులను, ఆ జబ్బు లేని అదే వయసు పిల్లలు 104 మందితో పోల్చారు. ఇదే 'కేస్-కంట్రోల్' పద్ధతి. ముందురోజు లిచీ తిన్నారా? రాత్రి అన్నం తిన్నారా? లిచీ తిన్నవారిలో జబ్బుకు 'ఆడ్స్' 9.6 రెట్లు, రాత్రి తిననివారిలో 2.2 రెట్లు ఎక్కువని తేలింది. లిచీలోని హైపోగ్లైసిన్-ఎ, ఎంసీపీజీ అనే పదార్థాలు శరీరం కొత్తగా గ్లూకోజ్ తయారుచేసుకోకుండా అడ్డుకుంటాయి. కాలేయంలో నిల్వ తక్కువున్న బిడ్డ ఖాళీ కడుపుతో పడుకుంటే, తెల్లవారేసరికి రక్తంలో చక్కెర పడిపోతుంది.

రాత్రి భోజనం గురించి అడగాలని తోచాలంటే ఆ ఇళ్లు తెలియాలి. చెన్నైలోని జాతీయ ఎపిడమియాలజీ సంస్థ 2001లో మొదలుపెట్టిన రెండేళ్ల పీజీ కోర్సు క్షేత్రస్థాయి పనికే పెద్దపీట వేస్తుంది. అయినా ప్రజారోగ్య పీజీ తరగతుల్లో లండన్ కలరా కథ తెలిసినంతగా మన జిల్లాల కథలు తెలియవు. (ఫిజిక్స్ చదివిన నాకూ ముందు తెలిసింది లండనే!)

శ్రీకాకుళం ఉద్దానాన్నే తీసుకోండి. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. పోలికకు ఎవరిని ఎంచుకుంటారు? అదే ఊరివారినైతే, అందరూ తాగేది ఒకే నీరు. నీటి ప్రభావం ఉన్నా లెక్కలో కనిపించదు.