తేనెకు ఆ 60 ఎక్కణ్ణుంచి వస్తుంది?

పంచదారకు 65, తేనెకు 60 దగ్గర, మేపుల్ సిరప్‌కు 54, అగావే సిరప్‌కు 20 లోపు. షుగర్ ఉన్నవాళ్లు సీసా వెనక వెతికే ఈ అంకె పేరు గ్లైసీమిక్ ఇండెక్స్, పొట్టిగా జీఐ. 1981లో టొరంటోలో డేవిడ్ జెన్‌కిన్స్ బృందం ఈ కొలత పద్ధతిని ప్రకటించింది. మన దగ్గర చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ ఈ పరీక్షలు చేస్తుంది.

మొదటి పని తూకం. తేనె, మేపుల్, అగావే, బెల్లం పాకం, ఈ నాలుగు పాకాలనూ ఒకే బరువు తీసుకుంటే లెక్క తప్పుతుంది. తేనెలో నీరు 17 శాతమైతే మేపుల్‌లో 32 దాకా ఉంటుంది. అందుకని సమానం చేసేది అరిగి రక్తంలోకి చేరే పిండిపదార్థాన్ని: మనిషికి 50 గ్రాములు. పీచు ఈ లెక్కలోకి రాదు. ఆ 50 గ్రాముల కోసం తేనె 61 గ్రాములు, అగావే 65, మేపుల్ 75 తూయాలి. బెల్లం పాకానికి ముందే ఒక అంకె చెప్పడం కుదరదు. దాని చుక్కను రిఫ్రాక్టోమీటర్ గాజు మీద వేసి, కాంతి ఎంత వంగుతుందో చూసి చిక్కదనం కనుక్కుంటారు. ఆ చిక్కదనాన్ని బ్రిక్స్ అంటారు. ఏ చక్కెర ఎంతుందో విడిగా పరీక్షించాకే బరువు ఖాయం చేస్తారు.

తర్వాత మనుషులు. కనీసం పది మంది, షుగర్ లేనివాళ్లు. ముందు రోజు రాత్రి వాళ్ల కంచంలో పప్పు ఉండదు. పప్పు నెమ్మదిగా అరిగి, మర్నాటి ఉదయం రక్తంలో చక్కెర పెరుగుదలను కూడా తగ్గిస్తుంది. మద్యం, కఠిన వ్యాయామం కూడా వద్దంటారు. కనీసం పది గంటల పరగడుపుతో రావాలి.

ఉదయం చేతుల్ని గోరువెచ్చని నీళ్లలో ఉంచుతారు, రక్తం వేలి కొసకు దిగడానికి. లాన్సెట్ అనే చిన్న సూదిని వేలి కొసకు మధ్యలో కాదు, పక్కన గుచ్చుతారు. అక్కడ నొప్పి తక్కువ. తొలి బొట్టును తుడిచేస్తారు. వేలిని గట్టిగా పిండరు. పిండితే కణాల మధ్య నీరు కలిసి రక్తం పలచబడుతుంది. అయిదు నిమిషాల తేడాతో తీసిన రెండు పరగడుపు బొట్ల సగటే మొదటి గీత. ఇంటి గ్లూకోమీటర్ ఇక్కడ పనికిరాదు. 100 దాటిన రీడింగులో దానికి 15 శాతం అటూఇటూ అనుమతి ఉంది. అంత తేడాలో రెండు పాకాల మధ్య వ్యత్యాసమే కనబడకుండా పోతుంది.

పాకాన్ని 250 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. మొదటి గుక్కతో గడియారం మొదలు. 15, 30, 45, 60, 90, 120 నిమిషాలకు మళ్లీ సూది. ఆ రెండు గంటలూ కుర్చీలోనే కూర్చోవాలి. నడిస్తే కండరాలు చక్కెరను లాగేసుకుంటాయి.

ఇదే మనిషికి వేరే ఉదయాల్లో మూడుసార్లు 50 గ్రాముల గ్లూకోజ్ తాగిస్తారు. ఈ పద్ధతిలోని నేర్పంతా ఇక్కడే ఉంది. ఒకరి ఒంటిని ఇంకొకరి ఒంటితో పోల్చరు. ఎవరి కొలబద్ద వారిదే. నాలుగు పాకాలు, మూడు గ్లూకోజ్‌లు కలిపి మనిషికి ఏడు ఉదయాలు, ఉదయానికి ఎనిమిది బొట్లు. పది మందికి 560 సూదిపోట్లు.

ఇక లెక్క. బొట్ల విలువలను గ్రాఫ్ మీద కలిపి, పరగడుపు గీతకు పైనున్న వైశాల్యాన్ని మాత్రమే కొలుస్తారు. ఉదాహరణకు 15 నిమిషాలకు 24 పాయింట్లు పెరిగితే ఆ త్రిభుజం 180. తర్వాతి 15 నిమిషాల్లో పెరుగుదల 24 నుంచి 44కు చేరితే మరో 510. అలా రెండు గంటలూ కూడతారు. ఒకరికి గ్లూకోజ్ మొత్తం సగటున 3000, తేనెది 1800 అయితే, గ్లూకోజ్‌ను 100గా తీసుకున్నప్పుడు ఆయన వంతు అంకె 60. పది మంది అంకెల సగటే తేనె జీఐ. 55 దాకా తక్కువ, 70 నుంచి ఎక్కువ.

అంకెల తేడాకు కారణం పాకంలోని చక్కెరలే. మేపుల్‌లోను, బెల్లం పాకంలోను ప్రధానంగా సుక్రోజ్. అది అరిగితే సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. అందుకే బెల్లం పంచదారకు పెద్ద దూరం జరగదు. తేనెలో ఫ్రక్టోజ్ పాలు కొంచెం ఎక్కువ, పువ్వును బట్టి అంకె కిందికీ పైకీ పోతుంది. అగావేలో అత్యధిక భాగం ఫ్రక్టోజే. అది నేరుగా కాలేయానికి వెళ్తుంది కాబట్టి వేలి బొట్టులో పెద్దగా కనబడదు. ఎక్కువైతే రక్తంలో కొవ్వుగా తేలుతుంది. సూది ఆ మాట చెప్పదు.

షుగర్ ఉన్నవారిలో గ్రాఫ్ ఇంకా ఎత్తుకు లేచి, ఆలస్యంగా దిగుతుంది; పాకాల మధ్య నిష్పత్తి మాత్రం దాదాపు అదే. వారికి చివరి మెట్టు చెంచా. 21 గ్రాముల పెద్ద చెంచా తేనెలో 17 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. దాన్ని 60తో గుణించి 100తో భాగిస్తే 10. దీన్ని గ్లైసీమిక్ లోడ్ అంటారు. రెండు చెంచాలకు 20, అంటే ఎక్కువ కోవలోకి చేరినట్టే.

రక్తంలో చక్కెర 70 కిందికి పడిపోయినప్పుడు ఈ పట్టికను తిరగేసి చదవాలి. అప్పుడు కావలసింది పెద్ద అంకె: 15 గ్రాముల గ్లూకోజ్, లేకుంటే పెద్ద చెంచా తేనె, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష. అగావే సీసా ఆ పూటకు పనికిరాదు.