ధర్మసంస్థల గౌరవ రక్షణము

ధర్మసంస్థకు ధనము మూలమని పలువురు తలంతురు. కాని యా ధనమునకు మూలము నమ్మకము. దాత తన సొమ్ము నెవరు పొందుదురో వారి ముఖమైనను చూడక, మధ్యవర్తుల చేతిలో నుంచుచున్నాడు. ఆ నమ్మకము చెడినచో ముందుగా నష్టపడునది అధ్యక్షుడు గాదు, కార్యదర్శి గాదు. ఆ సంస్థ పెట్టు నన్నముతో చదువుకొనుచున్న యనాథ బాలుడు. కావున సంస్థ పేరును కాపాడుట యాడంబరము గాదు. అదియు ధర్మములోని భాగమే.

ఇందుకు సత్పురుషు డొక్కడు చాలునని కొందరి యభిప్రాయము. ఒక కార్యదర్శి నూహింపుడు. ఆతడు పరమ నిజాయితీపరుడు. కాని సంస్థ సొమ్మును తన సొమ్మును ఒక్క పెట్టెలోనే యుంచెను. లెక్క యంతయు మనస్సుననే యుండెను. హఠాత్తుగా నాతడు మరణించెను. పెట్టెలోనిది తమదని బిడ్డలనిరి, సంస్థదని సభ్యులనిరి, ఆతడు దొంగ యని యూరివారనిరి. ఒక్క రూపాయి నపహరింపని వాడు నిందపాలయ్యెను. లెక్కపుస్తక మొక్కటి యుండినచో నది యాతని పక్షమున సాక్ష్యము పలికి యుండును. లెక్కలు దొంగను పట్టుటకు మాత్రమే గాదు. అవి నిజాయితీపరునికి కవచము.

ధర్మ మొక మనుష్యుని ప్రాణముతో ముడిపడి యుండరాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1906వ సంవత్సరమున రాజమహేంద్రవరములో హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యాస్తిని దానికి సమర్పించిరి. 1919లో వారు గతించినను సమాజము నిలిచెను.

ఇట్టి సంఘములకై 1860లో నేర్పడిన చట్టము, ఏడుగురికి తక్కువ గాకుండ సభ్యులు చేరవలెననియు, కార్యనిర్వాహకుల పేర్లను ఏటేట రిజిస్ట్రారునకు తెలుపవలెననియు విధించినది. ఒక్క రూపాయి రుసుము చెల్లించి యెవడైనను ఆ పత్రములను చూడవచ్చునని యందు గలదు. దాతకే గాక దారిన పోవువానికి సైతము సంస్థను విచారించు హక్కు కలదని దీని భావము. ఆంధ్రప్రదేశమున దీనికి బదులుగా 2001లో వేరొక చట్టము వచ్చినది.

అయినను చట్టము కనీసమును మాత్రమే కోరును. మన మంతకు మించి చేయవలసినవి కలవు. సంస్థ ధనము సంస్థ పేరనే బ్యాంకులో నుండవలెను. చెక్కుపై నిద్దరి సంతకము లుండవలెను. ప్రతి చందాకును రశీదు నీయవలెను. బాలికల వసతిగృహమునకై వచ్చిన సొమ్మును భవనమునకు వెచ్చింపరాదు. సభ్యు డొకడు వసతిగృహమునకు బియ్యమమ్మ దలచినచో, ధర న్యాయమైనదే యైనను, ఆ నిర్ణయము జరుగునప్పు డాతడు సభ విడిచి పోవలెను. ఆ సంగతి నిర్ణయపుస్తకమున వ్రాయబడవలెను. ఆడిటరు పరిశీలించిన జమాఖర్చులను ఏటేట సర్వసభ్య సమావేశమున చదివి, దాతలకు పంపవలెను.

ఇంత చేసినను లోపము రావచ్చును. అప్పుడు సంస్థ పరువు పోవునని దానిని దాచుట మహాపరాధము. దాచిన తప్పు బయటపడిన నాడు రెండు తప్పులగును. సంస్థయే ముందుగా వెల్లడించి, సరిదిద్దిన విధమును తెలిపినచో, దాతల నమ్మకము నిలుచును.

చదువరులారా! మీరే సంస్థకు సభ్యులైనను, రాబోవు సమావేశమున లెక్కపుస్తకమును చూప నడుగుడు. అడుగుట యనుమానము గాదు. అది సభ్యుని కర్తవ్యము. అడిగినవానిపై కోపింపక పుస్తకమును తెరచి చూపు కార్యదర్శియే సంస్థ గౌరవమునకు నిజమైన రక్షకుడు.