మాత్రకంటె మునగాకు మేలు

మన కమాన్‌పూర్ పరిసరములందు అనేక కుటుంబములకు ఒక కాలు పొలమునందును, ఒక కాలు బొగ్గు గనియందును ఉన్నది. రాత్రి షిఫ్టు దిగివచ్చి పగలు నారుమడి చూచుకొనువానికి నిద్ర చాలదు, మనస్సు చిరాకుపడును, మరపు కలుగును. జ్ఞాపకశక్తికి మాత్రలమ్మువారు ఇట్టివారినే వెదకుదురు. కావున సభ్యుల మేలుకోరి ఈ విషయమును విచారింతము.

మన బరువులో మెదడు నూటికి సుమారు 2 పాళ్లు మాత్రమే. అయినను, శరీరము వాడుకొను ప్రాణవాయువులో నూటికి సుమారు 20 పాళ్లు దానికే కావలెను. ఆ వాడుకయందు కొన్ని చురుకైన అణువులు పుట్టి మెదడునందలి కొవ్వును చెరచును. నిలువయున్న నూనె కంపెక్కుటయు ఇట్టిదే. పొగత్రాగుట ఈ చెరుపును హెచ్చించును. దీని నడ్డు పదార్థములకే యాంటీఆక్సిడెంటులని పేరు. ఉసిరికయందలి సి విటమిను, మునగాకునందలి కెరోటిను, పసుపునందలి కుర్కుమిను ఇట్టివి.

అట్లయిన వానినే మాత్రలుగా మ్రింగరాదా యని కొందరడుగుదురు. ఫిన్లాండు దేశమున 29,133 మంది పొగత్రాగు పురుషులపై జరిపిన పరీక్ష ఫలితము 1994లో వెలువడినది. బీటా కెరోటిను మాత్రలు వాడినవారిలో ఊపిరితిత్తుల కాన్సరు తగ్గకపోగా, నూటికి 18 వంతున హెచ్చినది. కావున బీడీ త్రాగువారు ఆ మాత్రలను ముట్టరాదు. మునగాకు కూరకు ఈ భయము లేదు.

తడిగట్లపై ప్రాకు నీటిబ్రాహ్మిని లక్నోనందలి కేంద్ర ఔషధ పరిశోధన సంస్థవారు పరిశోధించిరి. దాని సారమును సుమారు 12 వారములు వాడినవారికి జ్ఞాపకము కొంత మెరుగైనట్లు కొన్ని పరీక్షలలో కనబడినది. అది ఒక్కనాటి మహిమ కాదు. కొందరికి కడుపు చెడును. వేరు మందులు వాడువారు వైద్యు నడుగకుండ దానిని వాడరాదు.

ఉసిరికను ఎక్కువసేపు ఉడికింపక పచ్చడిగా తినుడు. ఉడికినకొలది సి విటమిను నశించును. పసుపు నూనెతోను మిరియముతోను చేరిన బాగుగ ఒంటబట్టును.

ఏ ఆకును నిద్రకు బదులు కాజాలదు. షిఫ్టు దిగినవానిని ముందుగా నిద్రపోనిండు. పొలము పని ఇంటివారు పంచుకొనుడు. మాత్రలకు పెట్టు రూకలతో పెరటిలో ఒక మునగకొమ్మయు, ఒక ఉసిరిమొక్కయు నాటుడు. ఇల్లంతయు తినును.