ఊరగాయ – మాట, మర్మము

వార్షిక సంచికకు తెలుగు అధ్యాపకుడు వ్రాయు వ్యాసమనగా ఛందస్సో, ప్రబంధమో అయి యుండునని విద్యార్థులు ముందే పేజీ త్రిప్పివేయుదురు. అందుచేత ఈసారి మేము వంటింటినే పాఠముగా తీసికొంటిమి. దీనికి తరగతియే కారణము. "ఊరగాయ" అను పదమును విడదీసి అర్థము చెప్పుడనగా, సగము మంది "ఊరు" అనగా గ్రామమనియు, ఊరగాయ అనగా గ్రామమున పండిన కాయ యనియు వ్రాసిరి. నవ్వవలసిన విషయమే కాని, మాకు నవ్వు రాలేదు. ఇంట ఊరగాయ పెట్టుట చూచిన పిల్లవాడు ఆ విధముగా వ్రాయడు.

ఇక్కడ "ఊరు" క్రియ. బావిలో నీరు ఊరును. పప్పు నీటిలో ఊరును. మొదటి వాక్యములో లోపలినుండి వెలికి వచ్చుట, రెండవదానిలో వెలుపలినుండి లోనికి పోవుట. ఒకే క్రియ రెండు దిక్కులను చూపుచున్నది. జాడీలో జరుగునది సరిగా ఈ రెండును. ఉప్పు తగిలిన మామిడిముక్కలోని నీరు వెలికి వచ్చును, ఉప్పు లోనికి చొచ్చును. భౌతిక, రసాయన శాస్త్రముల మిత్రులు నీటి కదలికను ద్రవాభిసరణ మందురు. మాగాయ పెట్టు ఇల్లాలు అట్లు వెలువడిన నీటిని "ఊట" అనును. ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి మూడు దినములుంచి, పిండి, ముక్కలను వేరుగా, ఊటను వేరుగా ఎండబెట్టి మరల కలుపును. కుళ్ళు పుట్టించు సూక్ష్మజీవులకు నీరు కావలెను. ఆ నీటిని కొంత తీసివేసి, కొంత ఉప్పుతో బంధించి, వాటికి అందకుండ చేయుటయే నిలువ మర్మము.

ఆవకాయ అను పేరులో మామిడి లేనే లేదు, ఉన్నది ఆవ. ఆవాలను నలిపి తడి తగిలించినప్పుడే ఆ ఘాటు పుట్టును. అల్లైల్ ఐసోథయోసయనేట్ అను ఆ పదార్థము బూజును అణచును. ఎఱ్ఱని కారము మాత్రము తరువాత చేరినది. మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడలలో 16వ శతాబ్దమున మన దేశమునకు వచ్చినది కనుక, అంతకు ముందటి ఆవకాయ, ఉన్నచో, ఎఱ్ఱగా ఉండియుండదు. (ఊరగాయలో కకారము గకారమైనది, ఆవకాయలో కాలేదు. ఎందుకో విద్యార్థులు ఆలోచింతురు గాక.)

మా ఇంట దీనినే అచార్ అందురు. అది పారసీక పదము. జాడీని మర్తబాన్ అందురు. అది బర్మాలోని ఒక రేవు పేరు. మెరుగు పూసిన పెద్ద జాడీలు ఆ రేవునుండి ఓడలపై వచ్చుటచే ఆ పేరు వచ్చినది. ఇక ఉర్దూ వంటింటికి తెలుగు ఇచ్చినదేమి అందురా, చింతచిగురు. హైదరాబాదు, సికింద్రాబాదు ముస్లిముల ఇండ్లలో వేసవిలో మాంసముతో వండు ఆ కూరను "చిగుర్ గోష్త్" అనియే పిలుతురు. పుంటికూరకు అంబాడా అను వేరు పేరున్నది గాని, చిగురు మాత్రము మన మాటగనే నిలిచినది. చిగురు దొరకునది కొన్ని వారములే. పుల్లలు ఏరి, నీడన గాలి తగులునట్లు పరచి, చేతిలో నలిగి పొడియగువరకు ఆరనిచ్చి, బిగుతు మూత గల సీసాలో పోసినచో ఏడాది నిలుచును. ఎండలో పెట్టినచో రంగు పోవును.

ఇప్పుడు మా తప్పును చెప్పుకొందుము. కొన్ని ఏండ్ల క్రిందట అమ్మకు రక్తపోటు ఉన్నదని తెలిసినది. ఉప్పు తగ్గింపుడని వైద్యుడు చెప్పినాడు. ఆ వేసవి మేము మోండా మార్కెట్‌లో కాయలు కొని, అచ్చటనే ముక్కలు కొట్టించి తెచ్చి, ఆవకాయలో ఉప్పు సగము చేసితిమి. అమ్మ వలదన్నది. "బేటా, తగ్గించాలంటే పళ్ళెంలో తగ్గించు, మర్తబాన్‌లో తగ్గించకు" అన్నది. ఎం.ఏ. చదివినవారము గదా, వినలేదు. జూలైలో జాడీ తెరచితిమి. నూనె మీద తెల్లని బూజు, లోపల పులిసిన వాసన. ఇరువది కాయల పచ్చడి పారబోయుచుండగా అమ్మ ఒక్క మాటైనను అనలేదు. అదియే మమ్ము ఎక్కువ బాధించినది.

తరువాత లెక్క వేసి చూచితిమి. మా ఇంటి పాత కొలత ముక్కలు ఐదు పాళ్ళు, ఆవపిండి, కారము, ఉప్పు, నూనె ఒక్కొక్క పాలు. తూకమున చూచినచో ఉప్పు మొత్తములో ఇంచుమించు ఆరవ వంతు. సగము చేసినచో ఇంచుమించు పదకొండవ వంతునకు దిగును. ఉప్పునీటిలో నిలువచేయు ఊరగాయకు మన దేశపు ఆహార ప్రమాణములు కోరు కనీసపు ఉప్పు 12 శాతము. నూనెలో నిలువచేయు దానికి ముక్కలపై అర సెంటీమీటరు నూనె తేలవలెనని నియమము. ఈ అంకెలు తెలియని అమ్మ కొలత ఆ హద్దునకు పైననే నిలిచినది.

నూనె గాలిని అడ్డును. బూజునకు గాలి కావలెను. కాని గాలి లేనిచోటనే పెరుగు విషక్రిములును కలవు. మామిడి, నిమ్మ, చింతకాయలలోని పులుపు వానిని పెరగనీయదు. కావున పులుపు లేని వెల్లుల్లిని గాని, కూరగాయను గాని ఉత్త నూనెలో ముంచి బయట నిలువచేయుట ప్రాణాపాయము. ఈ ఒక్క మాట మరువవలదు. ఉప్పు తగ్గించియే తీరవలెనన్నచో, పది దినములకు సరిపడు పచ్చడి చేసి ఫ్రిజ్‌లో ఉంచుడు. తడి గరిటె మాత్రము దేనిలోను పెట్టరాదు.

మా ఇంట ఆవకాయ మే నెలలో, తొలకరికి ముందే జాడీకెక్కును. ముక్కలను పొడి గుడ్డతో తుడుచుట ఇప్పుడు మా పని, కొలతలు అమ్మవి. ఆమె పళ్ళెములో ఒక్క ముక్క వేసికొని, దానిపై పిండిని ప్రక్కకు తీసి తినును.

విద్యార్థులు ఈ సెలవులలో తమ అమ్మమ్మలను, నానీలను అడిగి, ఇంట నిలువచేయు పదార్థముల పేర్లు, ఒరుగులు, వడియములు, తొక్కులు, అచార్లు, ఉర్దూలోగాని తెలుగులోగాని కొలతలతో వ్రాసి తెండు. కళాశాల తెరచిన వారములోపల మాకు ఇచ్చినచో, ఏర్చి కూర్చి రాబోవు సంచికలో అచ్చువేయించుటకు కమిటీవారిని కోరెదము.