అలర్జీ: శరీరపు కావలివాండ్రు

పావగడ ప్రాంతమున చెనిక్కాయల కాలము వచ్చినప్పుడు గిడ్డంగులలో జరుగు సంగతి అందరును ఎరిగినదే. ఒకే గిడ్డంగిలో, ఒకే దుమ్ములో ఇద్దరు మనుష్యులు మూటలు దించుచుందురు. ఒకడు సాయంకాలము కాళ్లు చేతులు కడుగుకొని నిమ్మళముగా ఇంటికి పోవును. రెండవవాడు పది నిమిషములకే తుమ్మనారంభించును. కండ్లు ఎఱ్ఱబడి నీరు కారును. ఆ రాత్రి పండుకొనలేక, గోడకు ఆనుకొని కూర్చుండి, పిల్లికూతలతో ఊపిరి తీయును. మరునాడు నలుగురును చేరి, "వానికి ఒంట్లో శక్తి చాలదు, మంచి లేహ్యమేదైన తినిపించండి" అని సలహా చెప్పుదురు.

సలహా చెప్పువారి మనస్సు మంచిదే గాని మాట సరియైనది కాదు. అలర్జీ శక్తి లోపమువలన వచ్చు రోగము కాదు. శరీరమును కాపాడు కణములు బలముగానే ఉన్నవి. అవి శత్రువు కానివానిని శత్రువుగా ఎంచి, ఆ బలమును మన ఇంటిమీదనే చూపుచున్నవి. లోపము బలమున లేదు, గుర్తింపున ఉన్నది. ఈ భేదము తెలిసిన కుటుంబము రోగికి సరియైన సాయము చేయగలదు.

కోటయు, కావలియు

పావగడ కొండమీది కోటను చూచినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. కోటకు గోడలు కలవు, వాకిండ్లు కలవు, వాకిలి వాకిలికి కావలివాండ్రు ఉండిరి. శరీరమునకు చర్మమును, ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు, ప్రేగుల లోపలి జిగటపొరయు కోటగోడలు. వాటివెంట కాపున్న కణములను సహజ రక్షణ కణములు అందురు. ఇవి పుట్టుకతోనే వచ్చిన కావలి. క్రొత్త శత్రువును చూచినను క్షణములలో ఎదుర్కొనును. ఇవి గాక, ఒకసారి చూచిన శత్రువును జ్ఞాపకముంచుకొని, నిదానముగా నేర్చుకొని, గురిచూచి కొట్టు మరియొక దండు కలదు. దానిని ఆర్జిత రక్షణ అందురు.

సహజ రక్షణను మొదట కన్నులార చూచినవాడు రష్యా దేశస్థుడగు మెచ్నికాఫ్. 1882లో ఇటలీలోని మెస్సీనా పట్టణమున నక్షత్రచేప పిల్లల ఒంటిలో ముల్లు గ్రుచ్చి చూడగా, సంచరించు కణములు ఆ ముల్లు చుట్టును ముట్టడించెను. ఇంచుమించు అదే కాలమున జర్మనీలో పాల్ ఎర్లిక్ రంగులద్ది కణములను పరీక్షించుచుండెను. 1878లో గింజలతో నిండిన ఒక కణమును చూచి, తిండి తిని బలిసిన కణమను భావముతో దానికి మాస్టు కణమని పేరు పెట్టెను. మరుసటి సంవత్సరమే, ఇయోసిన్ అను ఎఱ్ఱరంగును పీల్చుకొను ఇయోసినోఫిల్ కణమును వర్ణించెను. ఈ ఇద్దరికిని 1908లో నోబెల్ బహుమానము కలిపి ఇచ్చిరి. అయితే అలర్జీ కథలో మాస్టు కణమును, ఇయోసినోఫిలును ముఖ్య పాత్రలని ఆనాటికి ఎవ్వరికిని తెలియదు.

పొరపాటు ఎట్లు పుట్టును?

అలర్జీ అను మాటను 1906లో వియన్నా వైద్యుడు పిర్కే కల్పించెను. ఆ పొరపాటు పుట్టు క్రమము ఇప్పుడు చాలవరకు తెలిసినది.

మొదటిసారి దుమ్ములోని పురుగు రేణువుగాని, పూల పుప్పొడిగాని ముక్కుపొరమీద పడినప్పుడు బయటికి ఏమియు కనబడదు. లోపల డెండ్రిటిక్ కణము ఆ రేణువును పట్టి, ఆర్జిత దండునకు చూపును. కొందరి శరీరములలో ఆ దండు దానిని శత్రువని తీర్మానించి, ఐజిఇ అను ప్రతిరక్షకమును తయారుచేయును. ఈ ఐజిఇని 1966లో జపాను దంపతులైన ఇషిజాకాలు అమెరికాలో కనుగొనిరి. స్వీడను పరిశోధకులును వేరుగా కనుగొనగా, 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ఆ పేరు స్థిరపరచెను. ఐజిఇ పోయి మాస్టు కణముల ఒంటిమీద అంటుకొని కాచుకొనియుండును. ఇది తుపాకి నింపి పెట్టినట్టిది.

రెండవసారి అదే రేణువు వచ్చి తగిలినంతనే మాస్టు కణము పగిలినట్లై తన గింజలను వెదజల్లును. వానిలో ముఖ్యమైనది హిస్టమిన్. దానివలన సన్నని రక్తనాళములు వెడల్పై నీరు ఊరును, దురద పుట్టును, ముక్కు కారును, ఊపిరిగొట్టములు బిగియును. ఇదంతయు నిమిషములలో జరుగును.

కథ ఇంతటితో ముగియదు. మాస్టు కణములు సహాయమునకు కేక వేయును. నాలుగు మొదలు ఎనిమిది గంటలలో రక్తమునుండి ఇయోసినోఫిల్ కణములు గుంపులుగా వచ్చి ఊపిరిగొట్టముల గోడలలో చేరును. ఇవి విడుచు విషపదార్థములు పురుగులను చంపుటకు పుట్టినవి. పురుగు లేనిచోట అవి మన పొరనే కాల్చును. పగలు తుమ్మినవాడు రాత్రి ఆయాసపడుటకు ఇది ముఖ్య కారణము. ఈ రెండవ ఘట్టమునే అలర్జీ వాపు అందురు. ఉబ్బసమునకు మూలము సాధారణముగా ఈ వాపే.

ఐజిఇ లేకయే ఈ మంట పెరుగు దారి యొకటి 2010 ప్రాంతమున బయటపడెను. పొగవలనగాని, దుమ్మువలనగాని పొర దెబ్బతిన్నప్పుడు ఆ పొరలోని కణములే అపాయ సంకేతములు పంపును. వాటిని అందుకొని రెండవ తరగతి సహజ లింఫ్ కణములు ఇయోసినోఫిళ్లను పిలుచును, జిగటను పెంచును. వీటిని జపాను, బ్రిటను, అమెరికా పరిశోధకులు వర్ణించిరి. కావున ఇంటిలోని కట్టెల పొగ, బీడీ పొగ, అగరువత్తుల పొగ అలర్జీ రోగికి వట్టి చిరాకు కాదు. అవి నిప్పునకు నెయ్యి.

మదనపల్లె నేర్పిన పాఠము

ఇయోసినోఫిల్ కణమునుగూర్చి మన తెలుగునేలమీదనే ఒక గొప్ప పాఠము దొరకినది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయమున కొందరు రోగులు రాత్రివేళ విడువని దగ్గుతో, ఆయాసముతో, సన్నని జ్వరముతో చేరుచుండిరి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు క్షయ పట్టినట్లే చుక్కలు చుక్కలుగా కనబడెడివి. కాని కఫములో క్షయ క్రిములు లేవు. రక్తము పరీక్షింపగా ఇయోసినోఫిల్ కణములు విపరీతముగా ఉండెను. డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్, ఆయన సహచరుడు బార్టన్ 1940లో దీనిని క్షయను పోలిన వేరొక స్థితి యని ప్రకటించిరి. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు దీనికి ఉష్ణమండల ఇయోసినోఫీలియా అని పేరు పెట్టెను.

ఆరోగ్యవంతుని రక్తములో ఒక ఘన మిల్లీమీటరునకు ఇయోసినోఫిళ్లు సాధారణముగా 500కు లోపు ఉండును. ఈ వ్యాధిలో అవి 3,000 దాటును. కారణము దోమలవలన వ్యాపించు ఫైలేరియా పురుగు. దాని పిల్లలు రక్తములో కనబడక ఊపిరితిత్తులలో చిక్కుకొనుటచే, చాలకాలము శత్రువు జాడ తెలియలేదు. 1960లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు రోగుల ఊపిరితిత్తులలోనే ఆ పిల్లపురుగులను చూపిరి. దీనికి పనిచేసిన మందు డైఇథైల్ కార్బమజీన్. భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకులై యుండగా, 1947లో వెలుగులోనికి వచ్చిన మందే యిది.

ఇందులోని నీతి స్పష్టము. అదే కణము, అదే దగ్గు, అదే పిల్లికూత. ఒకచోట శత్రువు నిజమైన పురుగు, మరియొకచోట శత్రువే లేడు. మొదటిదానికి పురుగును చంపు మందు కావలెను. రెండవదానికి వాపును శాంతింపజేయు మందు కావలెను. మూడవవానికి నిజముగా క్షయయే ఉండవచ్చును. ఒకే వస్తువు అనేక వైపులనుండి చూడదగినదని అనేకాంతము బోధించు సమాజమునకు, పైలక్షణము చూచి తీర్పు చెప్పరాదని వేరుగా చెప్పవలసిన పనిలేదు. రెండు వారములు మించిన దగ్గునకు కఫ పరీక్ష, రక్త పరీక్ష చేయించుటయే వివేకము.

పొలము గట్టున శత్రువు

మన ప్రాంతమున మరియొక కారకము వయ్యారిభామ, లేక కాంగ్రెసు గడ్డి. అమెరికా ఖండమునుండి వచ్చిన ఈ మొక్కను 1950ల నడుమ పూనాలో గుర్తించిరి. ఆపైన దేశమంతట ప్రాకినది. దీనిని తిను మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరు ప్రాంతమున విడిచిరి. ఐనను గట్లవెంట, ఖాళీ నివేశనములలో ఈ మొక్క ఇంకను కలదు. దీని పుప్పొడివలన తుమ్ములు, ఉబ్బసము కలుగును. ఆకు తగిలినచో కొందరికి ఒకటి రెండు దినములకు చర్మము మందమై దురద, పుండ్లు పుట్టును. ఈ చర్మవ్యాధి ముఖ్యముగా ఆర్జిత దండులోని టి కణముల పని; అందుకే ఆలస్యముగా వచ్చును. పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసికొని, ముక్కునకు గుడ్డ కట్టుకొని దీనిని పెరికివేయవలెను.

గృహస్థులు చేయదగినవి

గిడ్డంగిని ఎండు చీపురుతో విసరి ఊడ్చుట మానవలెను. మెత్తగా, నిదానముగా, తడిగుడ్డతో తుడిచిన దుమ్ము లేవదు. జీవదయకొరకు మనకు నేర్పిన యతనయు అదియే. మునులు ధరించు ముఖవస్త్రిక జీవదయకే గాని వైద్యమునకు కాదు. ఐనను మూటలు దించువాడు ముక్కును నోటిని కప్పుకొనుట మేలు. పని చేయించు యజమాని ఆ గుడ్డ ఖర్చు తానే భరించుట ధర్మము.

ఉబ్బసమునకు వైద్యుడు వ్రాసిన పీల్చు మందును గూర్చి మన ఇండ్లలో భయము మెండు. అది అలవాటుపడు మత్తుమందు కాదు. పీల్చు స్టిరాయిడు స్వల్ప మోతాదుతో నేరుగా ఊపిరిగొట్టములకు చేరి ఇయోసినోఫిళ్ల మంటను చల్లార్చును. పీల్చిన పిమ్మట నోరు పుక్కిలింపవలెను. నెమ్మదించినదని స్వయముగా మానరాదు. ఆడపిల్లకు ఉబ్బసమున్నదని తెలిసిన సంబంధము తప్పిపోవునని మందును దాచి, రాత్రివేళ ఆమె ఆయాసమును దిండుచాటున అణచు తల్లిదండ్రులు కలరు. దాచినందున రోగము తగ్గదు. ఉబ్బసము మందులేక ముదిరి ప్రాణము తీయగలదు. క్రమముగా మందు వాడు పిల్ల చదువుకొనును, సంసారము చేయును, బిడ్డలను పెంచును.

పర్యుషణ దినములలో ఉపవాసమున్నవారికి ఆయాసము వచ్చినచో మందు పీల్చవచ్చునా యను సందేహము ఏటేట వచ్చును. శ్వేతాంబర సంప్రదాయములో ప్రత్యాఖ్యానము తీసికొనునప్పుడే కొన్ని ఆగారములు, అనగా మినహాయింపులు, చెప్పబడియున్నవి. వానిలో సర్వసమాధి ప్రత్యయాగారము తీవ్ర రోగమున సమాధి నిలుపుటకు ఔషధమును అనుమతించుచున్నది. కావున ఉబ్బసరోగి తపస్సునకు పూనుకొనుటకు ముందుగానే గురువులను, వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను. ఆయాసము వచ్చిన తరువాత అర్ధరాత్రి చర్చ తగదు.

ఒకటి మాత్రము మరువరాదు. తిన్న వెంటనేగాని, కందిరీగ కుట్టినప్పుడుగాని, మందు పడక గాని, ఒళ్లంతయు దద్దుర్లు లేచి, పెదవులు ఉబ్బి, ఊపిరి ఆడక, తల తిరిగినచో అది మాస్టు కణములు ఒక్కసారిగా శరీరమంతట పగిలిన స్థితి. 1902లో రిషే దీనికి అనఫిలాక్సిస్ అని పేరు పెట్టెను. ఇంటి వైద్యముతో గడియయు పోగొట్టక ఆసుపత్రికి చేర్చి అడ్రినలిన్ సూదిమందు ఇప్పింపవలెను.

శక్తి గలవాడు వివేకము లేక చేయి చాచినచో గాయపడునది తన ఇల్లే. క్రోధమును గూర్చి మన పెద్దలు చెప్పిన ఈ మాట కణమునకును వర్తించును. రోగికి బలము పెంచు పొడులు కొనుటకంటె, దుమ్మును తగ్గించి, రోగమును గుర్తింపజేసి, వ్రాసిన మందును సిగ్గుపడక వాడించుటయే నిజమైన జీవదయ. ఆ దయ మన ఇంటి గిడ్డంగినుండియే ఆరంభము కావలెను.